హన్మకొండ 17 వేలా, హైదరాబాద్ 30 వేలా?

ప్రశ్న: సార్, నమస్తే. మాది వరంగల్ కరీమాబాద్. బీటెక్ సివిల్ అయిపోయి మూడేళ్లు. మొదటి ఏడాది ఏఈ (ప్రభుత్వ అసిస్టెంట్ ఇంజినీర్) పరీక్షలకు చదివాను, రాలేదు. రెండేళ్ల నుంచి హన్మకొండలో ఒక బ్యాంకు ప్యానెల్ వాల్యుయర్ దగ్గర, అంటే లోన్ల కోసం ఇళ్లకు, స్థలాలకు విలువ కట్టే ఆయన దగ్గర పనిచేస్తున్నాను. సైటుకు పోయి కొలతలు తీసుకోవడం, ఫొటోలు తీయడం, రిపోర్టు టైపు చేయడం అంతా నేనే. సంతకం మాత్రం సార్‌ది. నెలకు 17 వేలు, పెట్రోలుకు ఇంకో 2 వేలు చేతికిస్తారు. పెట్రోలుకు అయ్యేది మాత్రం 3,600. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక వాల్యుయేషన్ కంపెనీ 30 వేలు ఇస్తామంటోంది. ఆఫీసు ఉప్పల్‌లో. అక్కడ హాస్టల్ అడిగితే ముగ్గురుండే గదికి తిండితో కలిపి 7,500 అన్నారు. నాన్న ఎనుమాముల మార్కెట్‌లో దడ్వాయి, అంటే సరుకు తూకం వేస్తాడు. తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. ఇంటికి నెలకు 6 వేలు ఇస్తాను. స్కూటీ ఈఎంఐ 2,900 ఉంది. అమెరికాలో ఇదే పని చేసేవాళ్లకు మంచి జీతాలని వీడియోల్లో చూస్తే బాధేస్తుంది. మన దగ్గర ఎందుకింత తక్కువ? నేను ఉండాలా, పోవాలా? అమ్మ పెళ్లయ్యేదాకా ఎక్కడికీ వద్దంటోంది. రోజూ ఇదే టెన్షన్.
- ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: బిడ్డా, నేనూ వాల్యుయర్‌నే. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నాకూ 17, 30 అనే అంకెలే కనబడ్డాయి. రెండోసారి "చేతికిస్తారు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నువ్వు ఉండాలా, పోవాలా అన్నది నా వరకు ఆ మాటే తేలుస్తుంది. అక్కడికి వస్తాను. ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే నువ్వు అనుకుంటున్న 13 వేల తేడా నిజానికి లేదు.

నీకు పెట్రోలుకు ఇచ్చేది 2 వేలు, అయ్యేది 3,600. అంటే మీ సార్ పని మీద తిరగడానికి నెలనెలా 1,600 నీ జేబులోంచి పెడుతున్నావు. కాబట్టి నీ అసలు జీతం 17 వేలు కూడా కాదు, 15,400. అందులో ఇంటికి 6 వేలు, ఈఎంఐ 2,900, ఫోను, బట్టలు, మందులకు ఒక 2 వేలు తీసేస్తే 4,500 మిగలాలి. మిగులుతోందా లేదా అన్నది నువ్వే చూసుకోవాలి. ఒక నెల చిన్న పుస్తకంలో రాసి చూడు. నాకు తెలిసి ఈ పనిలో ఉన్న పిల్లలకు మధ్యాహ్నం బయట తాగే చాయ్‌లు, జిరాక్సులు, పార్కింగులే నెలకు వెయ్యి దాకా లాగేస్తాయి.

ఇప్పుడు హైదరాబాద్. 30 వేలు అన్నది చేతికొచ్చేదా, సీటీసీనా, అంటే నీ మీద కంపెనీకి అయ్యే మొత్తం ఖర్చా? ఇది అడగకుండా ఊ అనొద్దు. సీటీసీ అయితే కంపెనీ తన వంతు కట్టే పీఎఫ్‌ను కూడా అందులోనే కలిపి చెబుతుంది. బేసిక్ 15 వేలు పెట్టారనుకో, దానిలో 12 శాతం, అంటే 1,800 కంపెనీ వంతు. ఇంకో 1,800 నీ వంతు. వృత్తి పన్ను 200. ఇవన్నీ పోగా నీ ఖాతాలో పడేది 26,200. హాస్టల్ 7,500. సైటు మీద తిరిగే రోజు హాస్టల్ భోజనం అందదు, బయట తినాలి, దానికి 2,500. ఇంటికి ఇచ్చే 6 వేలు మానలేవు, ఈఎంఐ ఆగదు. పట్నంలో ఫోను, బట్టలు, మందులకు 3 వేలు వేసుకో. నెలకు రెండుసార్లు ఇంటికి రావడానికి ఎక్స్‌ప్రెస్ బస్సు మహాలక్ష్మి పథకం కింద నీకు ఉచితమే, ఆటోలకు మాత్రం ఒక 500. అన్నీ కలిపితే 22,400. మిగిలేది 3,800.

ఇందులో పెట్రోలు ఇంకా వేయలేదు. ఉప్పల్‌లో ఆఫీసంటే సైట్లు ఘట్‌కేసర్‌లోనూ ఉంటాయి, పటాన్‌చెరులోనూ ఉంటాయి. నెలకు 5 వేలు తక్కువ కాదు. కంపెనీ పెట్రోలు వేరుగా ఇస్తే నీకు 3,800 మిగులుతుంది, పైగా పీఎఫ్, దాని పెన్షన్ ఖాతా రెండూ కలిపి నెలకు 3,600 జమవుతుంది. అది కూడా నీ డబ్బే. ఇవ్వకపోతే నెలాఖరుకు 1,200 అప్పు చేస్తావు. 30 వేల ఉద్యోగం మంచిదా కాదా అన్నది ఒక్క పెట్రోలు దగ్గర తేలిపోతోంది చూడు. ఫోన్లో ఆ మాట అడగడానికి నీకు మొహమాటం వేసి ఉంటుంది. అడుగు. "సైటు తిరగడానికి కిలోమీటరుకు ఎంత ఇస్తారు?" అని అడిగితే ఎవరూ తప్పు పట్టరు. తప్పు పట్టే కంపెనీ అయితే అక్కడ చేరకపోవడమే మంచిది.

ఇంట్లో ఉండటం వల్ల నీకు తెలియకుండానే వస్తున్న ఆదాయం కూడా ఒకటుంది. సొంతిల్లో కాదో నువ్వు రాయలేదు గానీ, కిరాయి అన్న మాట ఎక్కడా రాయలేదు కాబట్టి సొంతిల్లే అనుకుంటున్నాను. రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్న బియ్యం ఇంటికే వస్తాయి. కరెంటు 200 యూనిట్ల లోపు వాడే ఇంటికి గృహజ్యోతి కింద బిల్లు రాదు. హాస్టల్‌లో ఉన్నవాళ్లకు ఇవేవీ దక్కవు. అక్కడ నీ అన్నానికి, నీ ఫ్యానుకు ప్రతి నెలా రొక్కం కట్టాలి. అదే నువ్వు హన్మకొండలో సుబేదారిలోనో నక్కలగుట్టలోనో కిరాయి ఇంట్లో ఉంటున్నానని రాసి ఉంటే ఈ లెక్క వేరేగా ఉండేది, నా సలహా కూడా బహుశా మారేది. ఇదే ఉద్యోగంలో ఉన్న మీ స్నేహితురాలికి ఈ జవాబు అచ్చుగుద్దినట్టు పనికిరాదు.

అమెరికా మాట కూడా అడిగావు. అక్కడ ఆస్తి విలువ కట్టే అప్రైజర్‌కు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు ఉండాలి. ఇళ్ల విలువ కట్టే సర్టిఫైడ్ రెసిడెన్షియల్ స్థాయికి చేరాలంటే మామూలుగా ఒక సీనియర్ కింద ట్రైనీగా 1,500 గంటలు పనిచేయాలి, అది కూడా ఏడాదికి తక్కువ కాకుండా. అన్ని రకాల ఆస్తులూ చూసే సర్టిఫైడ్ జనరల్ కావాలంటే 3,000 గంటలు. వీడియోలో కనబడేది లైసెన్సు వచ్చిన మనిషి. ఆయన కింద కొలతలు తీసుకుంటూ తిరిగే ట్రైనీని ఎవరూ వీడియో తీయరు. నువ్వు ఇప్పుడు ఆ ట్రైనీ స్థానంలో ఉన్నావు. అక్కడి జీతాన్ని డాలరు రేటుతో హెచ్చించి మన రూపాయల్లో చూసుకుంటే గుండె గుభేలుమంటుంది. అక్కడి ఇంటి కిరాయినీ, కారు ఖర్చునీ, ఆరోగ్య బీమానీ కూడా అలాగే హెచ్చించి చూడాలి కదా. దూరపు కొండలు నునుపు. దాని గురించి ఇంక బాధపడకు.

మన దగ్గర ఎందుకు తక్కువ అన్నదానికి సూటి కారణం ఉంది. ఫీజు రిపోర్టుకు ఇంత అని బ్యాంకే పెడుతుంది. చాలా బ్యాంకులు ఆస్తి విలువనో లోన్ మొత్తాన్నో బట్టి స్లాబులు పెట్టుకుంటాయి. ఉప్పల్‌లో ఒక్క అపార్టుమెంటు గేటు లోపలికి పోతే మూడు ఫ్లాట్ల రిపోర్టులు ఒకే పూటలో అయిపోతాయి, ఒక్కో ఫ్లాటు విలువా పెద్దదే. మన దగ్గర పరకాలలో 120 గజాల ఇంటికి ఒక పూట, భూపాలపల్లిలో ఇంకో ఇంటికి ఒక రోజు. దూరం ఎక్కువ, విలువ తక్కువ, ఫీజు తక్కువ. ఆ ఫీజులో బ్యాంకు 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని, ఒక్కోసారి రెండు మూడు నెలలకు ఇస్తుంది. అందులోంచి మీ సార్ ఆఫీసు కిరాయి, కంప్యూటరు, నీ జీతం. ఆయనకు కూడా లక్షలు మిగులుతున్నాయని అనుకోకు. అలాగని నీ పెట్రోలు నీ మీద వేయడం మాత్రం న్యాయం కాదు, ఆ మాట నేను ఆయన ముందైనా అంటాను.

ఇప్పుడు అసలు విషయం. మీ నాన్న దడ్వాయి కదా. ఎనుమాములలో ఆయన కాంటా పెడితే రైతూ ఒప్పుకుంటాడు, ఖరీదుదారూ ఒప్పుకుంటాడు. పక్కన నిలబడ్డ హమాలీకి కూడా బస్తా ఎంత తూగుతుందో చేత్తో ఎత్తితే తెలుస్తుంది, కానీ అతని మాట చీటీ మీదికి ఎక్కదు. లైసెన్సు ఉన్న దడ్వాయి వేసిన తూకమే చెల్లుతుంది. మన పనీ అంతే. రెండేళ్లుగా ఇల్లు కొలిచేది నువ్వు, విలువ లెక్క కట్టేది కూడా చాలావరకు నువ్వే అయి ఉంటుంది. కానీ బ్యాంకు చూసేది కింద ఉన్న సంతకాన్ని. ఈ వృత్తిలో డబ్బంతా ఆ సంతకం దగ్గరే ఉంది. సంతకం రాకముందు హన్మకొండలోనూ తక్కువే, హైదరాబాద్‌లోనూ తక్కువే. ఆ 30 వేలు కూడా సంతకం లేని మనిషి జీతమే.

సంతకం ఎలా వస్తుంది? 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 247 ఉంది. దాని కింద 2017లో రిజిస్టర్డ్ వాల్యుయర్ల నిబంధనలు వచ్చాయి. రిజిస్ట్రేషన్ ఇచ్చేది ఐబీబీఐ, అంటే ఢిల్లీలోని ఇన్‌సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్సీ బోర్డు. ఇందులో మూడు తరగతులు ఉన్నాయి, నీది ల్యాండ్ అండ్ బిల్డింగ్. బీటెక్ సివిల్ వాళ్లకు డిగ్రీ తర్వాత ఐదేళ్ల అనుభవం ఉండాలి. ఎంటెక్ చేస్తే దాని తర్వాత మూడేళ్లు చాలు. అనుభవం నిండాక గుర్తింపు ఉన్న ఒక వాల్యుయర్ల సంస్థలో సభ్యత్వం తీసుకోవాలి, వాళ్లు 50 గంటల కోర్సు చెబుతారు. ఆ తర్వాత కంప్యూటర్ మీద పరీక్ష. నూటికి 60 రావాలి, తప్పు జవాబుకు మార్కులు కోస్తారు. పాసయ్యాక రిజిస్ట్రేషన్. కంపెనీల చట్టం కింద, దివాలా కేసుల్లో విలువ కట్టాలంటే ఈ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. హోమ్ లోన్ల ప్యానెల్ విషయంలో ఏ బ్యాంకు పాలసీ ఆ బ్యాంకుది, కానీ ప్యానెల్‌కు అప్లికేషన్ పెట్టేటప్పుడు ఇది చేతిలో ఉంటే మాట వేరేగా ఉంటుంది.

నీకు రెండేళ్లు అయ్యాయి, ఇంకో మూడేళ్లు ఉంది. ఇక్కడే "చేతికిస్తారు" అన్న మాట నన్ను ఆపింది. ఈ రెండేళ్లు నువ్వు పనిచేశావని చెప్పే కాగితం నీ దగ్గర ఏదైనా ఉందా? అపాయింట్‌మెంట్ లెటర్ ఉందా? జీతం బ్యాంకులో పడిన ఎంట్రీ ఉందా? రిపోర్టులో ఎక్కడైనా "సైటు చూసినవారు" అని నీ పేరు ఉందా? ఇవేవీ లేకపోతే ఎండలో నువ్వు తిరిగిన రెండేళ్లు కాగితం మీద లేనట్టే. నా దగ్గర పనిచేసిన ఒక అబ్బాయికి ఇలాగే జరిగింది, అంతకుముందు వేరే చోట చేసిన నాలుగేళ్ల పనికి ఆధారం లేదు. పాత యజమాని కాలం చేశాడు, ఆఫీసు మూసేశారు. నాలుగేళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పటికి అతనికి ఇద్దరు పిల్లలు. నీకు అలా జరగకూడదు.

కాబట్టి ఈ వారం మీ సార్‌తో కూర్చో. కోపంగా వద్దు, హైదరాబాద్ ఆఫర్ చూపించి బెదిరించినట్టూ వద్దు. చాయ్ తాగే టైములో, ఆయన తీరికగా ఉన్నప్పుడు చెప్పు. మొదట జీతం ఖాతాలో వేయమను. తర్వాత ఈ రెండేళ్లకు అనుభవం సర్టిఫికెట్ అడుగు, ఇకముందు ఏటా ఒకటి ఇవ్వమను. రిపోర్టులో సైటు చూసినవాళ్ల పేరు వేసే వరుస ఉంటే అందులో నీ పేరు రాయమను. డబ్బు మాట ఆ తర్వాతే. స్కూటీ లీటరుకు 45 ఇస్తుందనుకుంటే నీ పెట్రోలు ఖర్చే చెబుతోంది, నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతున్నావని. కిలోమీటరుకు మూడున్నర అడుగు. నెలకు 5,250 అవుతుంది. పెట్రోలు పోగా టైర్లకు, సర్వీసింగ్‌కు 1,650 మిగులుతుంది. దానికి తోడు నెలలో 25 రిపోర్టులు దాటాక ప్రతి రిపోర్టుకు 200 అని అడిగి చూడు. వేడినీళ్లకు చన్నీళ్లు తోడు. వీటిలో కిలోమీటరు లెక్క ఒక్కటి ఒప్పుకున్నా నీ చేతిలో నెలకు 3,250 పెరుగుతుంది, ఏ హాస్టల్‌లోనూ పడుకోకుండా.

కాగితాలు ఇస్తే హన్మకొండలోనే ఉండు. ఇది వట్టి డబ్బు లెక్క చూసి చెప్పడం లేదు. ఇక్కడ నువ్వు నేర్చుకునేది అక్కడ దొరకదు. హైదరాబాద్‌లో ఫ్లాటు మీద ఫ్లాటు చూస్తావు. బిల్డరు ఒకడే, ప్లాను ఒకటే, చదరపు అడుగు రేటు పక్క ఫ్లాటు అమ్మిన రేటే. మన దగ్గర ఒక రోజు గ్రామకంఠంలో పెంకుటిల్లు, ఇంకో రోజు ఎల్ఆర్ఎస్ (లేఅవుట్ క్రమబద్ధీకరణ) ఫీజు కట్టని ప్లాటు, మరో రోజు వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్పించకుండా లేపిన షెడ్డు. గుంటల్లో రాసిన పాత కాగితాన్ని గజాల్లోకి మార్చి, గుంటకు 121 గజాల లెక్కన నేల మీద ఉన్నదానితో సరిచూడాలి. లింకు డాక్యుమెంట్లలో ఒకటి సాదాబైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకం అయితే ఏం రాయాలి? కుడా (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు ఆ ఇంటి మీదుగా పోతుంటే ఏం రాయాలి? ఇవి మూడేళ్లు చూసినవాళ్లు ఏ ఊళ్లో అయినా పనిచేయగలరు.

ఒక ఇంటి సంగతి చెబుతాను. 2023 జులై చివర్లో కురిసిన వానలకు హంటర్ రోడ్డు పక్క కాలనీలు మునిగిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కొన్ని నెలలకు ఆ చుట్టుపక్కలే ఒక ఇంటికి వాల్యుయేషన్‌కు పోయాను. గేటు దగ్గరి నుంచే కొత్త రంగు వాసన. హాలు, రెండు బెడ్‌రూములు, టైల్స్ అన్నీ చక్కగా ఉన్నాయి. గోడల మీద ఎక్కడా చెమ్మ లేదు. మెట్ల కింద కరెంటు మీటరు బోర్డు మాత్రం నా తల కంటే పైన ఉంది. మీటరు చదివేవాడు స్టూలు వేసుకుని ఎక్కాల్సిన ఎత్తు. దాని కింద, నాలుగడుగుల దగ్గర, గోడ మీద పలకంత మేర సిమెంటు పూత మిగతా గోడ కంటే కొంచెం ఉబ్బెత్తుగా తగిలింది. రంగు వేశారు కానీ చేత్తో తడిమితే తెలుస్తోంది. బోర్డు మొదట అక్కడ ఉండేది. ఎందుకు పైకి ఎక్కించారో అడిగితే ఇంటాయన మాట మార్చాడు. బయటికొచ్చి పక్కింటి పెద్దమ్మను మంచినీళ్లు అడిగాను. నీళ్లిస్తూ తనే చెప్పింది, "ఇక్కడిదాకా వచ్చినయ్ సారూ" అని నడుము మీద చెయ్యి పెట్టి చూపించింది. రిపోర్టులో అది రాశాను, విలువ తగ్గించాను. కొనే పిల్లాడు మొదట నా మీద కోపగించుకున్నాడు, లోన్ తగ్గిందని. తర్వాత ఆ తగ్గింపునే చూపించి ధర తగ్గించుకున్నాడు.

ఆ పెద్దమ్మ చెయ్యి ఎక్కడిదాకా లేచిందో ఏ రిజిస్ట్రేషన్ విలువల పట్టికలోనూ ఉండదు. నీది కరీమాబాద్. ఏ నాలా ఏ వానకు పొంగుతుందో, ఏ కాలనీలో రోడ్డు కాగితం మీద ముప్పై అడుగులుండి నేల మీద పద్దెనిమిది ఉంటుందో చిన్నప్పటి నుంచి చూసినదానివి. ఆ తెలివిడికి ఈ రోజు నీకు జీతం రావడం లేదు, నిజమే. సంతకం వచ్చిన రోజు దానికే ఫీజు వస్తుంది.

అయితే కాగితాలు ఇవ్వనంటే? "రెండేళ్లు చేశావని నేను చెప్తాలే, కాగితం ఎందుకు" అని దాటేస్తే? ఒక నెల చూడు. అప్పటికీ ఇవ్వకపోతే హైదరాబాద్ పో, నేనే పొమ్మంటున్నాను. మిగిలేది దాదాపు సమానమైనా సరే పో. అక్కడ అపాయింట్‌మెంట్ లెటర్ ఉంటుంది, పే స్లిప్పు ఉంటుంది, పీఎఫ్ ఖాతాలో నెలనెలా నీ పేరు మీద జమ అయిన రికార్డు ఉంటుంది. నువ్వు ఫలానా తేదీ నుంచి ఫలానా చోట పనిచేశావని ఎవరూ కాదనలేరు. ఒక్కటి మాత్రం కనుక్కో, సైటుకు నిన్ను పంపుతారా, ఆఫీసులో కూర్చోబెట్టి వేరేవాళ్లు తీసిన ఫొటోలతో రిపోర్టులు నింపిస్తారా? రెండోదైతే వద్దు. మూడేళ్లు ఇల్లు చూడకుండా ఇంటి విలువ రాయడం అలవాటైతే ఆ చెయ్యి మళ్లీ దారికి రాదు.

మూడో దారి కూడా ఉంది, నువ్వు రాయలేదు. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలు సివిల్ ఇంజినీర్లను టెక్నికల్ ఆఫీసర్లుగా తీసుకుంటాయి. బయటి వాల్యుయర్లు ఇచ్చిన రిపోర్టులు సరిచూడటం, కొన్నింటికి స్వయంగా పోయి చూడటం వాళ్ల పని. ఇలాంటి కంపెనీల బ్రాంచీలు హన్మకొండలోనే ఉన్నాయి. ఇంట్లో ఉంటూ పే స్లిప్పు, పీఎఫ్ ఉన్న ఉద్యోగం దొరికితే అంతకంటే కావలసింది లేదు. హైదరాబాద్ వాళ్లకు జవాబు చెప్పేలోపు రెండు మూడు చోట్ల రెజ్యూమే ఇచ్చి రా.

తక్కువ జీతంలో ఉన్నవాళ్లకు ఈ పనిలో ఒక ప్రమాదం ఉంది, అది చెప్పకుండా ఉండలేను. సైటు దగ్గర లోన్ ఏజెంటు 500 నోటు మడిచి చేతిలో పెడతాడు. "మేడమ్, కొంచెం మంచిగ రాయండి" అంటాడు. నెలాఖరులో స్కూటీలో పెట్రోలు లేనప్పుడే ఆ నోటు వస్తుంది. ముట్టుకోకు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం హోమ్ లోన్ 30 లక్షల వరకైతే ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షలకు 80 శాతం దాకా, ఆపైన 75 శాతం దాకానే ఇవ్వాలి. 40 లక్షల ఇంటికి 32 లక్షలు లోన్ రావాలి, మిగతా 8 లక్షలు కొనేవాడు తెచ్చుకోవాలి. అదే ఇంటిని 50 లక్షలని రాస్తే లోన్ 40 లక్షలు అవుతుంది, కొనేవాడి సొంత డబ్బు ఒక్క రూపాయి ఉండదు. వాడు వాయిదాలు కట్టడం ఆపేస్తే చివరికి బ్యాంకు చేతిలో ఇల్లుంటుంది, అప్పు తీరదు. అప్పుడు మొదట తీసేది వాల్యుయేషన్ ఫైలునే. మోసాల్లో చెయ్యున్న వాల్యుయర్లు, లాయర్ల పేర్లతో ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ హెచ్చరిక జాబితా పెడుతుంది, అది అన్ని బ్యాంకులకూ పోతుంది. సంతకం మీ సార్‌దే కావచ్చు, పోయి చూసింది నువ్వు. నోటు ఇవ్వబోతే తీసుకోకుండా ఆ సాయంత్రమే మీ సార్‌కు చెప్పు, మెసేజ్ రూపంలో చెప్పు.

సంతకం వచ్చాక అంతా పాలపొంగులా ఉంటుందని కూడా అనుకోవద్దు. మార్చిలో ఊపిరాడదు, ఆషాఢంలో ఫోను మోగదు. బ్యాంకులు ఆలస్యంగా ఇస్తాయి. పట్టుకున్న టీడీఎస్‌ను రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. అందుకే ఈ మూడేళ్లలో నెలనెలా మిగిలే 4,500ను, సార్ పెట్రోలు ఇస్తే పెరిగే దాన్ని కలిపి వేరే ఖాతాలో వేసుకుంటూ పో. ఆఫీసు తెరిచే రోజుకు ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండాలి. నేను అది లేకుండా మొదలుపెట్టి, రెండో నెలలోనే మా ఆవిడ గొలుసు కుదువ పెట్టాను. విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది.

అమ్మ మాట. ఆమె భయం ఆమెది, దానికి నొచ్చుకోకు. ఆమెకు ఇలా చెప్పు: ఉద్యోగం అయితే పెళ్లై వేరే ఊరు పోతే మానేయాలి, రిజిస్టర్డ్ వాల్యుయర్ అయితే ఆ రిజిస్ట్రేషన్ దేశమంతా చెల్లుతుంది, నా పేరు మీదే ఉంటుంది, కరీంనగర్ పోయినా కర్నూలు పోయినా నాతో వస్తుంది. అందుకోసం ఇంకో మూడేళ్లు కావాలి. ఆ మూడేళ్లు ఇంట్లోంచే కావచ్చు. ఈ మాట నాన్న ముందు చెప్పు. లైసెన్సు విలువ ఆ ఇంట్లో ఆయనకే బాగా తెలుసు.

అనుభవం సర్టిఫికెట్ ఎలా ఉండాలో చెప్పి ముగిస్తాను, ఎందుకంటే ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. "మా దగ్గర పనిచేసింది, మంచి అమ్మాయి" అన్న కాగితం దేనికీ పనికిరాదు. మీ సార్ లెటర్‌హెడ్ మీద, ఆయన రిజిస్ట్రేషన్ నంబరుతో ఉండాలి. నీ పూర్తి పేరు సర్టిఫికెట్లలో ఉన్నట్టే ఉండాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది రోజుతో సహా ఉండాలి. పని ఏమిటో విడిగా రాయాలి: భూములు, భవనాల స్థల పరిశీలన, కొలతలు, డాక్యుమెంట్ల పరిశీలన, చుట్టుపక్కల అమ్మకాల వివరాల సేకరణ, వాల్యుయేషన్ రిపోర్టు తయారీ. పూర్తి కాలం ఉద్యోగమా కాదా రాయాలి. కింద సంతకం, ముద్ర, తేదీ. నువ్వే టైపు చేసి తీసుకుపో, రిపోర్టులన్నీ నువ్వే కదా టైపు చేసేది. ఆయన సంతకం పెట్టాక ఒక ఫొటో తీసి నాకు పంపు, మాటలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెబుతాను.